కొండెక్కేది మాటకా, కాపురానికా?

మదనపల్లె దాటి హార్స్‌లీ హిల్స్‌కు హామ్ రేడియో పట్టుకెళ్లే మావాళ్ల మూటలు చూస్తే కాపురం మారుస్తున్నారేమో అనిపిస్తుంది. కారు బ్యాటరీ, మడత బల్ల, ఇనప మాస్టు, ‘ఎందుకైనా మంచిద’ని రెండో సెట్టు! నాలుగు వేల అడుగుల కొండను మించిన మాస్టు ఎక్కడుంది? 144 మెగాహెర్ట్జ్ తరంగాలకు ఎదురుగా అడ్డు లేకపోతే చాలు, 5 వాట్ల చేతిసెట్టే వంద కిలోమీటర్లు పలకొచ్చు. దూరదేశాలు కావాలా? 14 మెగాహెర్ట్జ్‌కు పది మీటర్ల తీగ, దాన్ని నీలగిరి కొమ్మకు లాగి కట్టే పురికొస సరిపోతాయి. 2002లో బ్రిటన్‌లో మొదలైన ‘సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్’ అనే కొండశిఖరాల హామ్ రేడియో కార్యక్రమం నియమాల్లో డీజిల్ జనరేటర్‌కు చోటే లేదు. నన్నడిగితే మడత బల్లకూ ఉండకూడదు. అంతగా మోయాలనుంటే ఇంకో సీసా నీళ్లు మోయండి. లాగ్ రాయడానికి ఓ పెన్సిలు కూడా, మంచుకు తడిసిన కాగితం మీద బాల్‌పెన్ను మొరాయిస్తుంది.