ఇది స్టేటస్‌లో పెట్టే సంగతి కాదు

రిజిస్ట్రేషన్ ఆఫీసులో పుస్తకాలన్నీ ఒకటి కావు. ఇల్లో ప్లాటో అమ్మితే ఆ దస్తావేజు ఒకటో పుస్తకానికెక్కుతుంది. ఫీజు కడితే దారినపోయేవాడైనా దాన్ని చూడొచ్చు. దత్తత పత్రం నాలుగో పుస్తకంలోకి పోతుంది. రాసిచ్చినవాళ్లకు, దాని కింద హక్కున్నవాళ్లకు, వాళ్ల తరఫు మనుషులకు తప్ప ఇంకెవరికీ నకలివ్వరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 57వ సెక్షన్ ఇది. సెల్‌ఫోన్లు లేని కాలంలో తెల్లదొరలు రాసిన చట్టానికున్న ఇంగితం మన ఫ్యామిలీ గ్రూపులకు లేకపోయింది.

నేను చాదర్‌ఘాట్‌లో దస్తావేజులు రాస్తాను. సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, జీపీఏలే మా తిండి. దత్తత పత్రం ఎప్పుడో ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు రెండు కుటుంబాలూ ఇమ్లీబన్ బస్టాండులో దిగి ఒక్క ఆటోలోనే వస్తాయి, చాలావరకు అయినవాళ్లే కాబట్టి. చెల్లెలికి ముగ్గురు ఆడపిల్లలు, అక్కకు సంతానం లేదు. ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చుంటారు, పిల్ల ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి పాకుతుంటుంది. ఇరువైపులా సంతకాలు పెట్టి రిజిస్టర్ చేయిస్తే, ఆ దత్తత 1956 హిందూ దత్తత చట్టం ప్రకారమే జరిగిందని కోర్టు నమ్ముతుంది, కాదన్నవాళ్లే రుజువు చేసుకోవాలి. అందుకే మా దగ్గరికి రావడం. పనయ్యాక ఆఫీసు మెట్లు దిగకముందే సెల్ఫీ. వాళ్లు ఇల్లు చేరేలోపు ఎవరో మేనత్త స్టేటస్: ‘మా వదినది బంగారు మనసు, కన్నబిడ్డను అక్కకు ఇచ్చేసింది’. దాని కింద వరసపెట్టి దండాల బొమ్మలు.

మెచ్చుకోలే కదా, తప్పేంటి అంటారు. ఆ మెచ్చుకోలు ఎవరి బతుకు గురించో ఆ మనిషికి అప్పటికింకా మాటలు రాలేదు. తర్వాత వస్తాయి. అలాంటి ఒక ఇంటి పిల్లకు ఆరో తరగతిలో ఉండగా, ఓ పెళ్లిలో పెదనాన్న కొడుకు అలాంటి పాత పోస్టు ఒకటి తీసి చూపించాడట, ‘మీ పిన్ని మీ పిన్ని కాదే’ అంటూ. వాడు వెతికిందేమీ లేదు. జ్ఞాపకం పేరుతో ఫేస్‌బుక్కే తవ్వి ముందు పెట్టింది. పందిట్లో ఇంతమందికి తెలిసి తనకొక్కదానికే తెలియదని ఆ పిల్ల ఏడ్చిందని, ఇంకో పని మీద వచ్చినప్పుడు వాళ్ల నాన్న నాతో చెప్పాడు.

అందుకని అందరం నోరు కట్టేసుకుందామా? కుదరదు. బిడ్డ దగ్గర దాచడం ఇంకా పెద్ద తప్పు, మన తెలుగిళ్లల్లో మరీను. ఒకామె కొడుకును తన అన్నకు దత్తతిచ్చిందనుకోండి. ఆ పిల్లాడికి కన్నతల్లి ఇప్పుడు మేనత్త. ఆమె కూతురు వరసకు మరదలు, నెత్తురుకు తోబుట్టువు! మేనరికాలు చేసుకునే ఇళ్లలో ఈ నిజం దాస్తే ఎక్కడికి పోతుంది? దత్తతతో పుట్టింటి బంధం తెగుతుందని చెప్పిన దత్తత చట్టం 12వ సెక్షనే, పెళ్లి విషయంలో మాత్రం పాత నిషేధం అలాగే ఉంటుందని అంటుంది. కాబట్టి పిల్లకు చెప్పాలి, ఊహ తెలిసేనాటి నుంచి, పెంచినవాళ్ల నోటితో. ఊరికి చెప్పక్కర్లేదు.

కన్నతల్లి సంగతి వేరే. పుట్టినరోజు నాడు ఆమె ‘నా కడుపున పుట్టిన బంగారం’ అని స్టేటస్ పెడితే పెంచిన తల్లికి కోపమొచ్చి బ్లాక్ చేస్తుంది. కోపం న్యాయమే, బ్లాక్ చేయడం కాదు. బిడ్డనిచ్చిన మనిషికి ఆ బిడ్డ ఎలా ఉందో చూడాలనుండదా? నెలకో ఫొటో నేరుగా ఆమె ఫోనుకే పంపితే పోయేదేముంది? ఆమె కూడా దాన్ని తన దగ్గరే ఉంచుకోవాలి. నా అనుభవంలో ఈ ఇద్దరు తల్లులూ ఎలాగో సర్దుకుంటారు. చెడగొట్టేది మూడోవాళ్లే.

శిశు గృహాల నుంచి, దత్తతలు చూసే కేంద్ర సంస్థ ‘కారా’ ద్వారా వచ్చిన పిల్లల విషయంలో చట్టం ఇంకా గట్టిది. సంరక్షణ అవసరమైన బిడ్డను ఫలానా అని గుర్తుపట్టేలా పేరో, బడో, ఇంకేదో బయటపెడితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 18 నిండిన దత్తబిడ్డ తన మూలాలు వెతుక్కోవచ్చు, కానీ బిడ్డ తరఫున మూడో మనిషి వెతకడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఈ వెతుకులాట మన దగ్గర ఉత్త మాట కాదు. 2001 ప్రాంతంలో హైదరాబాద్ దత్తత సంస్థల కుంభకోణం బయటపడింది. దేవరకొండ వైపు తండాల నుంచి ఆడపిల్లలను కొని విదేశాలకు పంపారన్న ఆరోపణలవి. అలబామాలో న్యాయశాస్త్రం చెప్పే డేవిడ్ స్మోలిన్ 1998లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. తల్లి ఇష్టపడి ఇవ్వలేదని తర్వాత ఆ పిల్లల నోటే విని, కన్నతల్లిని వెతికించి, సంస్థల మోసం గురించి పేరు పెట్టి మరీ రాశారు. అది రాయాల్సిందే. కానీ అప్పట్లో అలా వెళ్లిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. వాళ్లలో ఎవరో తల్లి కోసం వస్తే, సాయం చేస్తున్నామనుకుని ఆమె పేరు, తండా పేరు వాట్సాప్‌లో తిప్పితే? ఆ సంగతి ఆమె ఇప్పటి ఇంట్లో తెలుసో లేదో తిప్పేవాడికేం తెలుసు? ఆమె గుట్టును ఊరంతా మోయాలా?

2023లో డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది కదా అంటారు. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే మనిషికి అది వర్తించదు. మేనత్త స్టేటస్‌ను ఆపే సెక్షన్ ఏదీ నాకు కనబడలేదు. అందుకే దత్తత పత్రంతో పాటు ఒక తెల్లకాగితం కూడా రాయించుకొమ్మంటాను. స్టాంపు అక్కర్లేదు, కోర్టులో చెల్లదు. పిల్ల ఫొటో పెట్టాలంటే పెంచిన తల్లిదండ్రులే పెట్టాలి, దత్తత మాట ఎత్తకుండా. మిగతావాళ్లు అడిగి పెట్టాలి. కన్నవాళ్లకు ఫొటోలు నేరుగా పంపాలి. పిల్లకు పన్నెండేళ్లు వచ్చాక ఆమె వద్దంటే వద్దు. కొందరు రాయించుకుంటారు, కొందరు నవ్వి పోతారు.

మేనత్తలూ, బాబాయిలూ, పెదనాన్న కొడుకులూ, మీకొక్క మనవి. అలాంటి పోస్టు మీ ఖాతాలో ఇంకా ఉంటే ఇవాళే తీసేయండి. తీసేశానని మళ్లీ గ్రూపులో చెప్పకండి.