ముందు కాటా ఎక్కించండి, ఆ తర్వాతే ఎత్తు మాట

థార్ కొన్నా, జిమ్నీ కొన్నా మన దగ్గర దొరికే మొదటి సలహా: "రెండించులు లేపించన్నా, షేపే మారిపోతది." రెండో సలహా: "స్ప్రింగు ఎంత గట్టిదైతే అంత మంచిది." గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఇవే వేదవాక్కులు. రెండూ తప్పే.

ఎత్తు సంగతే ముందు చూద్దాం. గట్టి నేల మీద బండి కింద చాలాసార్లు ముందుగా తగిలేది వెనక ఇరుసు నడుమ గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్. 2020లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు విడివిడిగా ఆడతాయి గానీ వెనక ఇరుసు ఒకటే ముక్క. జిమ్నీకి, బొలెరోకి కూడా వెనక అంతే. ఆ ఇరుసు స్ప్రింగుల కింద ఉంటుంది. స్ప్రింగులు పెంచితే పైన బాడీ లేస్తుంది, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరే, అదీ సగమే: టైరు వ్యాసం రెండించులు పెరిగితే ఇరుసు ఒక ఇంచు లేస్తుంది. వాన పడ్డాక అలంపురం వైపు నల్లరేగడిలో, ట్రాక్టర్ గాడుల్లో దిగబడిన బండిని ఆదుకునేది మట్టిని విదిలించుకునే టైరు, ఫోర్ వీల్ గేరు. కృష్ణ ఒడ్డు ఇసుకలోనైతే టైర్లలో గాలి తగ్గించడం.

ఇక గట్టి స్ప్రింగు. బరువు మోసేది స్ప్రింగు. బండి ఎంత ఎత్తున నిలబడాలో తేల్చేదీ అదే. షాకబ్జర్ పని వేరు. నొక్కుకున్న స్ప్రింగు ఎగదన్నకుండా అది పట్టి ఉంచుతుంది. లోపలి పిస్టన్ సన్నని రంధ్రాల గుండా నూనెను నెడుతూ ఆ ఊపును వేడిగా మారుస్తుంది. స్ప్రింగు గట్టిదైన కొద్దీ ఎగదన్నే బలం పెరుగుతుంది. పాత షాకబ్జర్ దాన్ని ఆపలేదు. ఖాళీ బండికి బరువు స్ప్రింగులు వేస్తే చిన్న గతుకుకు అవి నొక్కుకోవు, చక్రం నేలను వదిలేస్తుంది. నేల వదిలిన చక్రానికి పట్టూ లేదు, బ్రేకూ లేదు. బొలెరో కమాన్ కట్టకు అదనంగా పట్టీ వేయించి, ఎరువు బస్తాలు లేని రోజు నడుములు పట్టుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

"అంత ఖర్చెందుకు, స్పేసర్లు వేస్తే చాలు" అనేవాళ్లూ ఉన్నారు. షాకబ్జర్ పొడవు పెంచకుండా స్ప్రింగు మీద స్పేసర్ వేస్తే, బండి నిలబడి ఉన్నప్పుడే షాకబ్జర్ సాగి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగబోతే అదే అడ్డం పడుతుంది. పొడవైన షాకబ్జర్లు వేస్తే బంప్ స్టాపులూ సరిచేయాలి, లేదంటే పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ షాకబ్జర్ మీదే పడుతుంది. బండి లేచాక థార్ ముందు డ్రైవ్ షాఫ్టులు ఏటవాలుగా తిరిగి జాయింట్లు త్వరగా అరుగుతాయి. జిమ్నీకి ముందు ఇరుసు కోణం మారి స్టీరింగ్ తిన్నగా నిలవదు. బ్రేకు పైపులు, ఏబీఎస్ వైర్లు బిగుసుకుంటాయి. చవక పని ఖరీదయ్యేది ఇలాగే.

"నల్లమలలో తిరగొద్దా?" అంటారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఇష్టం వచ్చిన దారిన బండి దూర్చే హక్కు ఎవరికీ లేదు. మన్ననూరు దాటి శ్రీశైలం వెళ్లేది తారు రోడ్డే, అదీ మలుపుల ఘాటు. పెబ్బేరు, కొత్తకోట మీదుగా పోయే 44వ జాతీయ రహదారిపై బండ్లు పరుగులు తీస్తాయి. బరువు పైకి లేచిన బండికి ఈ రెండు చోట్లా బోల్తా పడే ముప్పే పెరుగుతుంది.

చట్టమూ ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

లేపడమే పాపమని నా వాదన కాదు. జూరాల, కల్వకుర్తి కాలువ గట్లు ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనే బండికి ఎత్తు నిజంగానే అక్కరకొస్తుంది. ఇనుప గార్డు, వించ్ బరువుకు వంగిన ముక్కును నిలబెట్టడానికి కొత్త స్ప్రింగులు కావాలి. అయితే ఎత్తు లెక్క చివర తేలాల్సింది, మొదట అడగాల్సింది కాదు.

కాబట్టి బండిలో రోజూ ఉండే సామాను, మనుషులతో సహా వేబ్రిడ్జి మీదికెళ్లండి. ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరుగా తూకం వేయించండి. ఆ బరువుకు స్ప్రింగు, ఆ స్ప్రింగుకు షాకబ్జర్ తీసుకోండి. ఎండాకాలం మొరం రోడ్ల మీద గంటల తరబడి తిరిగేవారికి నూనె నురగెత్తనివ్వని గ్యాస్ షాకబ్జర్ మేలు. రాళ్లల్లో తిరిగేవారికి రెండు గొట్టాలది నయం: బయటి గొట్టానికి చిన్న సొట్ట పడినా లోపల పిస్టన్ ఆడుతుంది. బరువెంతో అడగకుండా "ఎన్ని ఇంచులు?" అని మొదలుపెట్టే షాపులో మాత్రం బండి వదలకండి.