పగిలిన అద్దం, తాళం వేసిన కోడ్

మొన్న ఏప్రిల్‌లో ఒక సాయంత్రం సడన్‌గా గాలివాన వచ్చి, క్యాంపస్‌లో కరెంటు పోయి, మనమంతా ఇంటర్నల్స్ సంగతి మర్చిపోయి హాస్టల్ వరండాల్లో నిలబడి కేకలు పెట్టిన రోజు గుర్తుందా? ఆ రోజే ఆర్ట్స్ కాలేజీకి వెళ్లే రోడ్డు పక్కన ఒక చెట్టు కొమ్మ విరిగి, ఆగి ఉన్న కారు మీద పడింది. మామూలు కారు కాదు. పైకప్పు మొత్తం అద్దమే ఉన్న పాత ఇంపోర్టెడ్ లగ్జరీ కారు. పొద్దున్నే అందరి స్టేటస్‌లలో అదే ఫొటో. నేనూ పెట్టా. కింద "రిచ్ పీపుల్ ప్రాబ్లమ్స్" అని రాసి, మూడు నవ్వే ఎమోజీలు.

మూడో రోజు ఆ కారు మా బాబాయ్ కొట్టు ముందు ఆగింది, నెత్తిన నీలం టార్పాలిన్ కప్పుకుని.

బాబాయ్‌ది తార్నాక నుంచి లాలాపేట వైపు వెళ్లే దారిలో రెండు షట్టర్ల కొట్టు. కార్ల అద్దాలు మారుస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఆదివారాలు నేను అక్కడే ఉంటా, బిల్లులు కంప్యూటర్లో ఎక్కించడానికి. కారుతో వచ్చినావిడ డెబ్బై దాటిన డాక్టరమ్మ, రిటైర్ అయ్యారు. రోజూ మన క్యాంపస్‌లో వాకింగ్ చేస్తారట. పన్నెండేళ్ల కింద వాళ్లాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు ఆ బండిని, కేవలం ఆ అద్దం పైకప్పు చూసి మోజుపడి. ఆయన ఇప్పుడు లేరు. పెన్షన్ మీద బతికే మనిషి. అమ్మేద్దామన్నా పైకప్పు పగిలిన బండిని ఎవరు కొంటారు? పైగా నెలన్నరలో వానాకాలం. నా స్టేటస్ అప్పటికే 24 గంటలు దాటి దానంతట అదే పోయింది, అదొక్కటే అదృష్టం.

ఇక్కడ కొంచెం టెక్నికల్ సంగతి చెప్పాలి. పానోరమిక్ సన్‌రూఫ్‌లో సాధారణంగా రెండు పలకలు ఉంటాయి. వెనకది కదలదు, బాడీకి గమ్‌తో అతికించి ఉంటుంది. ముందుది పట్టాల మీద జరుగుతుంది. ఈ కారుకు పగిలింది ముందుదే. అది టఫెన్డ్ గ్లాస్. అంటే అద్దాన్ని 600 డిగ్రీలు దాటించి వేడి చేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర బిగుసుకుపోతుంది, లోపలిది దాన్ని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు వల్లే అంత బలం. ఎక్కడైనా ఆ సమతూకం తప్పిందా, మొత్తం పలక ఒకేసారి చిన్న చిన్న గుండ్లయి రాలిపోతుంది. మనుషులకు కోసుకోదు, మంచిదే. కానీ ఆ గుండ్లు పట్టాల్లోకి, నాలుగు మూలల్లో నీళ్లు పోవడానికి పెట్టే సన్నటి గొట్టాల్లోకి దూరతాయి. బాబాయ్ దగ్గర పనిచేసే అన్న రెండు రోజులు వ్యాక్యూమ్ పట్టుకుని కూర్చున్నాడు.

ఒకసారి టఫెన్ చేసిన అద్దాన్ని కోయలేం. సైజు కొంచెం తేడా ఉంటే అరగదీసి సరిచేద్దామన్నా కుదరదు, ముట్టుకుంటే పగులుతుంది. పైగా ఇది రెండు దిక్కులా వంపు ఉన్న పలక. అచ్చు అదే మోడల్ అద్దం కావాలి, ఇంకోటి పనికిరాదు.

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లినవాళ్లు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం ఆర్డర్ ఇచ్చి, అది చేతికి రాకముందే 1911లో చనిపోతే, ఏడో నిజాంకి వచ్చింది. మన యూనివర్సిటీ పెట్టిన ఆయనే. ఆ కాలంలో ఇంజనూ ఛాసిస్సూ ఒక కంపెనీ చేస్తే, పైన బాడీని బార్కర్ లాంటి వేరే పనివాళ్లు చెక్కతో, రేకుతో కట్టేవాళ్లు. అప్పటి కార్ల కిటికీలు ఎక్కువగా చదును అద్దాలు. పగిలితే కొలత తీసుకుని, వజ్రపు ముక్కతో గీసి కోసి పెట్టగల పనివాడు ఊళ్లో ఉంటే చాలు. నిజాం రాజు కారుకి ఉన్న ఆ సౌకర్యం మా డాక్టరమ్మ కారుకి లేదు. ఇది టెక్నాలజీ తప్పు అనను. వంపు తిరిగిన పలక అందంగా ఉంటుంది, గాలికి అడ్డం రాదు. దానికి చెల్లించే ధర ఇది, ఒప్పుకుంటా.

ఒప్పుకోలేనిది దీని తర్వాత జరిగింది.

అద్దం పలకను బాబాయ్ నాకు కింద నుంచి చూపించాడు. ఎన్ని స్క్రూలతో బిగించారో లెక్కపెట్టమన్నాడు. ఆరు. "గా ఆరు స్క్రూలు తీస్తే పాతది ఊడ్తది, కొత్తది కూసుంటది. పొద్దున మొదలువెడ్తె మధ్యాన్నానికి అయిపోతది బిడ్డా. ఇగ అద్దమే కావాలె" అన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాం. అద్దం విడిగా ఇవ్వరట. మోటారు, పట్టాలు, ఫ్రేము, కర్టెన్, రబ్బరు అన్నీ కలిపి ఒకే పార్ట్ నంబర్. బండి యూరప్‌ది, పార్ట్ అక్కడి నుంచే రావాలి. డబ్బు ముందే కట్టాలి, ఎప్పుడొస్తుందో మాట ఇవ్వరు. చెప్పిన రేటు విని డాక్టరమ్మ ఏమీ అనలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారంతే.

సరే, ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నా. అప్పుడు నేర్చుకున్నా అసలు లెక్క. మన దేశంలో మామూలు మోటార్ పాలసీలో అద్దానికి తరుగుదల కొట్టరు. అంటే అద్దం పగిలితే దాదాపు పూర్తి ధర వస్తుంది. కానీ రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోస్తారు. పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాలకూ సగం కోస్తారు. ఇంత పాత బండికి జీరో డెప్రిసియేషన్ అనే ఎక్స్‌ట్రా కవరు సాధారణంగా ఇవ్వరు. చూడండి తమాషా: పగిలింది అద్దం. అద్దమే కొనగలిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తారు. కానీ అద్దం అమ్మరు కాబట్టి పగలని మోటారు, పగలని పట్టాలు కొనాలి, వాటిలో సగం ఆవిడ జేబులోంచి పోవాలి. ఇంకో ముక్క కూడా ఉంది. రిపేరు ఖర్చు ఆ బండికి రాసుకున్న విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. పాత బండికి ఐడీవీ తక్కువ, పార్ట్ ధర మాత్రం కొత్త బండి ధరే. ఇంజను నిక్షేపంగా ఉన్న కారు, ఆరు స్క్రూల అద్దం కోసం కాగితాల మీద చచ్చిపోవచ్చన్నమాట. సర్వేయర్ గారు ఈ మాట చాలా మామూలుగా చెప్పారు.

ఇదంతా డబ్బున్నవాళ్ల బాధ, మనకెందుకు అని మీరు అనుకుంటూ ఉంటే, మూడు నెలల కింద నేనూ అంతే. ఇప్పుడు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఈఎంఐలో కొన్న ఎస్‌యూవీల మీద ఎన్ని సన్‌రూఫ్‌లు కనిపిస్తాయో. ఇవాళ లగ్జరీ కారులో ఉన్న ఫీచర్ పదేళ్లలో మన ఇళ్ల ముందుకు వస్తుంది. దాంతోపాటు దాని తాళమూ వస్తుంది.

ఈ గొడవ కొత్తదేం కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ మన దేశంలోని 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కారణం ఇదే. స్పేర్ పార్టులు, రిపేరుకు కావలసిన సాంకేతిక సమాచారం, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని. తర్వాత అప్పీళ్లు, కోర్టులు మామూలే. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంట్లో వాడే వస్తువులతో పాటు కార్లు కూడా అందులో ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే కార్ల కోసం చట్టం చేసుకుంది. మనకున్నది ఇప్పటికి వెబ్‌సైట్. చట్టం కాదు.

కథలోకి వద్దాం. మే నెలంతా నేను పార్ట్స్ క్యాటలాగులు తిరగేశా. బాబాయ్ ముందు రాణీగంజ్ మొత్తం వెతికాడు. తర్వాత ఢిల్లీ మాయాపురికి ఫోన్లు. చివరికి చెన్నై పుదుపేటలో, ముందు భాగం నుజ్జయిన అదే మోడల్ బండిని విప్పుతున్నారని తెలిసింది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాడు. అద్దాన్ని రెండు బొంతల మధ్య చుట్టి, ప్లైవుడ్ పెట్టెలో బిగించి పార్సిల్ లారీ ఎక్కించాడు. దారిలో పగిలితే ఆ డబ్బు బాబాయ్‌దే, డాక్టరమ్మది కాదని ముందే ఒప్పుకున్నాడు. పిన్ని నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పెట్టె విప్పేటప్పుడు నేను కళ్లు మూసుకున్నా, అబద్ధం చెప్పను.

పగల్లేదు. ఆరు స్క్రూలు. మధ్యాహ్నానికి కూర్చుంది. చుట్టూ అంచు ఒకే ఎత్తులో ఉందో లేదో బాబాయ్ గోటితో తడిమి చూసి, ఒక మూల కాస్త దించి మళ్లీ బిగించాడు. పైపు పెట్టి అరగంట నీళ్లు కొట్టాం. లోపల చుక్క లేదు.

బటన్ నొక్కితే మాత్రం కదల్లేదు.

సన్‌రూఫ్ మూసుకునేటప్పుడు మధ్యలో పిల్లల చెయ్యో మెడో అడ్డం వస్తే మోటారు ఆగి వెనక్కి వెళ్లాలి. దానికోసం మోటారు ఎంత తిరిగింది, ఎక్కడ బరువు పెరిగింది అని కంట్రోల్ యూనిట్ లెక్కపెడుతూ ఉంటుంది. అద్దం మార్చాక ఆ చివర ఎక్కడ, ఈ చివర ఎక్కడ అని దానికి మళ్లీ నేర్పాలి. ఇనీషియలైజేషన్ అంటారు. చాలా కార్లలో స్విచ్‌ను కాసేపు నొక్కిపట్టుకుంటే చాలు, ఓనర్ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఈ కారులో కంపెనీ డయాగ్నస్టిక్ మెషిన్ పెట్టి, వాళ్ల సర్వర్‌లో లాగిన్ అయితేనే ఆ పని జరుగుతుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, బయట బిగించిన పార్ట్‌కి మేం చెయ్యం అన్నారు. డబ్బు తీసుకోండి అన్నా, చెయ్యం అన్నారు.

సేఫ్టీ కోసమే ఈ కట్టుబాట్లు అని వాళ్ల వాదన. ఇది కొట్టిపారేసే వాదన కాదు. రోడ్డు పక్కన ఎవరో అడ్డదిడ్డంగా చేసి, ఒక పాప వేలు నలిగితే? నేనూ రెండు రాత్రులు దీని గురించే ఆలోచించా. కానీ చూడండి, ఆ మెషిన్ చేసే పనే పాప వేలిని కాపాడేది. దాన్ని చెయ్యం అన్నారు. అంటే అద్దం బిగించాక బండిని సేఫ్‌గా మార్చే ఒకే ఒక్క మెట్టును, సేఫ్టీ పేరు చెప్పి ఆపేశారు. 2014 కేసులో కూడా కంపెనీలు ఈ సేఫ్టీ వాదనే చేశాయి, కమిషన్ దాన్ని ఒప్పుకోలేదు. ట్రైనింగ్ ఇవ్వండి, పరీక్ష పెట్టండి, ఫీజు తీసుకోండి, సర్టిఫికెట్ ఉన్నవాడికే లాగిన్ ఇవ్వండి. మా బాబాయ్ ఆ పరీక్షకి కూర్చుంటాడు. పాసవుతాడు కూడా. తలుపే లేని గోడ కట్టి, ఇది సెక్యూరిటీ అంటే మన సెకండ్ ఇయర్ వాళ్లు కూడా నవ్వుతారు.

ఇంతకీ ఈ వ్యాసం ఆటోమొబైల్ వాళ్లకి కాకుండా మన క్లబ్‌లో ఎందుకు రాస్తున్నానంటే, ఆ లాగిన్ స్క్రీన్ రాసింది ఏ మెకానికల్ ఇంజనీరో కాదు. మనలాంటి సీఎస్ఈ వాడు. మన ఊళ్లోనే హ్యుందాయ్‌కి ఇంజనీరింగ్ సెంటర్ ఉంది, జెడ్‌ఎఫ్‌కి టెక్నాలజీ సెంటర్ ఉంది. ప్లేస్‌మెంట్స్‌లో మనలో కొందరికి కార్ల సాఫ్ట్‌వేర్ పని దొరుకుతుంది, దొరికితే పార్టీ కూడా ఇస్తాం. ఎప్పుడో ఒక రోజు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో "ఆథరైజ్డ్ డీలర్ అయితేనే అనుమతించు" అని ఒక లైను వస్తుంది. దానికి మనం రాసే ఇఫ్ కండిషన్ రెండు నిమిషాల పని. ఎల్స్‌లో ఎవరున్నారో ఆ డాక్యుమెంట్‌లో ఉండదు. ఆ మీటింగ్‌లో "ఇండిపెండెంట్ మెకానిక్‌కి ఏ దారి పెడదాం?" అని ఒక్క ప్రశ్న అడగడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు అనుకుంటున్నా. ఉద్యోగం వచ్చాక ఇదే మాట అంటానో లేదో నాకూ గ్యారంటీ లేదు. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నా, మీరందరూ సాక్షి.

బాబాయ్ చివరికి సన్‌రూఫ్ ఫ్యూజ్ తీసి, చిన్న ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి డాక్టరమ్మ చేతికిచ్చాడు. మూసి ఉన్నంత కాలం ఏ ప్రమాదమూ లేదు మేడమ్, తెరవొద్దు అని చెప్పాడు. మజూరీ సగమే తీసుకున్నాడు. ఆవిడ మిగతా సగం పిన్నికి ఇచ్చి వెళ్లారు.

పోయిన వారం లైబ్రరీ నుంచి వస్తుంటే సన్నగా వాన. ఆ కారు మళ్లీ అదే రోడ్డు పక్కన ఆగి ఉంది, ఈసారి చెట్టుకు దూరంగా. లోపల డాక్టరమ్మ సీటు వెనక్కి వాల్చుకుని, అద్దం మీద పడే చినుకులు చూస్తూ కూర్చున్నారు. నన్ను చూసి కిటికీ కొంచెం దించారు.

"ఆ ఫ్యూజ్ సంగతి మీ బాబాయ్‌కి ఎక్కడైనా దొరికిందా నాన్నా?"

"ఇంకా లేదు ఆంటీ."