తెర మీద తెలుగు కనిపించాలి

మన పాఠశాలల్లో చాలాచోట్ల నల్లబల్ల పక్కన ప్రొజెక్టరో స్మార్ట్ బోర్డో వచ్చి చేరింది. సొంతంగా స్లైడ్లు తయారుచేసుకుని పాఠం చెప్పే తెలుగు ఉపాధ్యాయులూ పెరిగారు. సంతోషించవలసిన మార్పే. అయితే ఆ స్లైడ్లకు రంగులు ఎంచుకోవడాన్ని ఇంకా అలంకారంగానే చూస్తున్నాం. వెనుక పూలతోట ఫొటో, దాని మీద పసుపు అక్షరాల్లో పద్యం. గులాబీ రంగు మీద ఎర్రటి శీర్షిక. తయారుచేసినవారి ల్యాప్‌టాప్‌లో అది ముచ్చటగానే ఉంటుంది. చివరి బెంచీ పిల్లవాడికి మాత్రం సగం అక్షరాలు అందవు.

ఏ బడికైనా ఇది ఇబ్బందే. భాషాల్పసంఖ్యాకుల బడికి మరింత నష్టం. యానాం సంగతి వేరు. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, సోలాపూర్‌లో మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, మాట్లాడతారు. వీధిలోకి వస్తే దుకాణాల పేర్లు, బస్సుల బోర్డులు చాలావరకు రాష్ట్ర భాషలోనే ఉంటాయి. తెలుగు అక్షరం వారికి పెద్దగా, నిలకడగా కనిపించే చోటు తరగతి గదే. అక్కడ మసకగా చూసిన రూపాన్ని బయట సరిచూసుకునే అవకాశం తక్కువ.

మన లిపిలో చిన్న గుర్తుకు పెద్ద విలువ ఉంది. ద, ధ, థల మధ్య తేడా కింద ఒక గీత, నడుమ ఒక చుక్క. ఒత్తు సగం అక్షరమంత కూడా ఉండదు. తమిళ లిపిలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. రెండు లిపులూ నేర్చుకునే హోసూరు పిల్లవాడు ఆ తేడాను కంటితోనే పట్టుకోవాలి. లేత రంగులో ఆ గీత కలిసిపోతే 'ధనం' 'దనం' అవుతుంది. తరవాత నోటుపుస్తకంలో ఆ తప్పుకు మనమే ఎర్రసిరా పెడతాం.

కాబట్టి రంగుల విషయంలో మొదట చూడవలసింది అందం కన్నా వెలుగునీడల తేడా. పేడతో అలికిన వాకిట్లో తెల్లముగ్గు, నల్లబల్ల మీద తెల్లసుద్ద చెప్పేది ఇదే. వెబ్ పేజీల కోసం డబ్ల్యూ3సీ సంస్థ పెట్టిన ప్రమాణాల్లో దీనికి కొలత కూడా ఉంది. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య ఆ తేడా కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే కనీసం 3:1 ఉండాలి. తెలుపు మీద నలుపు 21:1. తెలుపు మీద ముదురు నీలం సుమారు 16:1. తెలుపు మీద మెరిసే ఎరుపు 4:1 దగ్గరే ఆగిపోతుంది. తెలుపు మీద పసుపు 1.1:1 కూడా రాదు, అంటే దాదాపు కనిపించనట్టే.

తరగతి గది వెలుతురునూ లెక్కలోకి తీసుకోవాలి. ప్రొజెక్టర్ వెలుగును వేయగలదు గానీ నలుపును వేయలేదు. తెర మీద వెలుగు పడని చోటునే మనం నలుపుగా చూస్తాం. కిటికీలు తెరిచిన గదిలో ఆ చోటు బూడిదరంగుకు తిరుగుతుంది, దాని మీది అక్షరం వెలిసిపోతుంది. తెరలు వేసి చీకటి చేయగల గదికి ముదురు నేపథ్యం సరిపోతుంది. మన మామూలు గదులకు తెలుపు లేదా లేత నేపథ్యం మీద ముదురు అక్షరాలే మేలు.

మరో సంగతి వర్ణాంధత. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని పిల్లలు ఉంటారు. వంశపారంపర్యంగా వచ్చే ఈ లోపం మగపిల్లల్లోనే ఎక్కువ. చాలామందికి తమకది ఉందనే తెలియదు. 1953లో బళ్లారి జిల్లా విభజన పాఠం చూడండి. ఆంధ్రలో చేరిన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలకు ఎరుపు, మైసూరుకు వెళ్లిన తాలూకాలకు ఆకుపచ్చ వేస్తే ఆ పిల్లవాడికి పటమంతా ఒకే ముద్దగా కనిపించవచ్చు. ఒక భాగానికి ముదురు రంగు, మరో భాగానికి లేత రంగు వేసి, తాలూకాల పేర్లు పటం మీదే రాస్తే అందరికీ అర్థమవుతుంది. రంగు చెప్పే విషయాన్ని పేరో, గీతో, గుర్తో కూడా చెప్పాలి.

ఆచరణకు నాలుగు నియమాలు చాలు. స్లైడుకు మూడు రంగులే ఉండాలి: నేపథ్యానికొకటి, అక్షరానికొకటి, ముఖ్యమైన మాటకొకటి. తెలుగు పక్కన రాష్ట్ర భాషలో అర్థం ఇచ్చేటప్పుడు తెలుగుకు ముదురు నీలం, రెండో భాషకు మెరూన్ పెట్టుకుని ఏడాది పొడవునా మార్చకూడదు. అక్షరాల వెనుక ఫొటో ఉండకూడదు, పక్కన పెట్టుకోవచ్చు. స్లైడ్లు పూర్తయ్యాక పవర్‌పాయింట్ వ్యూ మెనూలోని గ్రేస్కేల్‌లో ఒకసారి చూడాలి. రంగులు తీసేశాక చదవలేనిది జెరాక్స్ కాపీలోనూ చదవలేం.

ఇదంతా ఒక్కొక్క ఉపాధ్యాయుడి ఓపికకు వదిలేయదగిన పని కాదు. ప్రధానోపాధ్యాయులు ఒక సమావేశంలో గంటసేపు కేటాయించి, బడి మొత్తానికి ఒక నమూనా స్లైడు నిర్ణయించాలి. దానిని తరగతి గదిలో పట్టపగలు తెర మీద వేసి, చివరి బెంచీలో కూర్చుని ధ, థ, ఒత్తులు చదివి చూడాలి. వృత్త్యంతర శిక్షణల్లో స్లైడ్లు ఎలా చేయాలో చెప్పేవారు రంగుల సంగతీ చెప్పాలి. పైసా ఖర్చు లేని పని ఇది. తెలుగు పుస్తకాలకు, తెలుగు పోస్టులకు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకునే మనం, చేతిలో ఉన్న తెరనైనా పిల్లలు చదవగలిగేలా ఉంచుకోవాలి.