కడిగి వాడాలా? కొత్తది కొనాలా?

కోల్‌కతాలో మోటార్ సైకిల్ విడిభాగాలు కావాలంటే ఎవరైనా చూపించే దారి మల్లిక్ బజార్. ఎయిర్ ఫిల్టర్ మార్చే వేళకు బండి యజమానికి ఒక ఆశ పుడుతుంది. కంపెనీ ఇచ్చే కాగితం ఫిల్టర్‌ను కొన్నాళ్లకోసారి పారేసి కొత్తది వేసేకంటే, ధర కొన్ని రెట్లు ఎక్కువైనా, కడిగి మళ్లీ మళ్లీ వాడుకునే నూలు ఫిల్టర్ కొంటే పోలా? ఇంటింటికీ భోజనాలు, సరుకులు చేరవేస్తూ బండి మీదే బతికే కుర్రాళ్లకైతే ఇది కూడూగుడ్డల లెక్క.

లెక్క తేలాలంటే ఫిల్టర్ ఏం చేస్తుందో చూడాలి. లీటరు పెట్రోలు మండటానికి ఇంజిన్ సుమారు 9 వేల లీటర్ల గాలి పీలుస్తుంది. దాంతోపాటు వచ్చే ఇసుక రేణువులు సిలిండర్‌ను, పిస్టన్ రింగులను గరుకు కాగితంలా అరగదీస్తాయి. ముందు ఆయిల్ తగ్గుతుంది, తర్వాత పొగ వస్తుంది, చివరికి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. ఆ ఖర్చు ముందు ఏ ఫిల్టర్ ధరైనా తక్కువే.

నూనె పట్టించిన నూలు ఫిల్టర్లకు పేరు తెచ్చింది అమెరికాలో 1969లో మొదలైన కె అండ్ ఎన్ లాంటి కంపెనీలు. వాటి బలం గాలిని ధారాళంగా వదలడం. పందెం బండికి అది వరం. పైగా పందెం ఇంజిన్‌ను తరచూ విప్పి బాగుచేస్తారు. ఆఫీసుకు వెళ్లే 100 సీసీ బండి మాత్రం పదేళ్లు విప్పకుండా నడవాలి. దానికి కావలసింది ధారాళమైన గాలి కాదు, శుభ్రమైన గాలి. సన్నని ధూళిని ఆపడంలో మంచి కాగితానిదే సాధారణంగా పైచేయి.

ఇక కోల్‌కతా వాతావరణం. చలికాలంలో దుమ్ము, వానాకాలంలో చెమ్మ. నూలు ఫిల్టర్‌ను కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే సమానంగా నూనె పట్టించాలి. నూనె తక్కువైతే దుమ్ము లోపలికి పోతుంది, ఎక్కువైతే గాలి ఆడదు. ఆషాఢంలో ఆ నగరంలో బట్టలే ఆరవు, ఫిల్టర్ ఎప్పుడు ఆరేను? బండి ఆగిన రోజు కూలీ పోయినట్టే. తొందరపడి తడిదే బిగిస్తే అసలుకే మోసం.

కాగితానికీ లోపాలున్నాయి. తడిస్తే ఉబ్బి గాలిని అడ్డుకుంటుంది. 2025 సెప్టెంబరులో ఒక్కరోజులోనే సుమారు 250 మి.మీ. వాన కురిసి కోల్‌కతా వీధులు మునిగాయి. అలాంటి నీటిలో నడిచిన బండికి ఫిల్టర్ పెట్టె విప్పి చూడాల్సిందే. ఇంకో పొరపాటు, గాలి కొట్టి దులపడం. హోండా సహా పలు కంపెనీల బళ్లలో ఉండేది నూనెలో తడిపిన కాగితం. దాన్ని దులపకూడదు, కడగకూడదు, మార్చాలి. దుమ్ము దారుల్లో తిరిగేవారు మాన్యువల్ చెప్పిన గడువుకంటే ముందే మార్చాలి.

ఇంట్లో రెండో బండి ఉండి, ఓపిగ్గా కడిగి ఆరబెట్టే అలవాటున్నవారు నూలు ఫిల్టర్ కొనుక్కోవచ్చు. బండి కదిలితేనే పొయ్యి వెలిగే ఇంటికి అసలైన కంపెనీ కాగితం ఫిల్టరే చవక.