సుంకము సామానునకా, జాప్యమునకా?

కోవిల్పట్టి, విరుదునగరములనుండి సముద్రము దాటి, ఏండ్లు గడచిన పిదప కాపురమెత్తుకొని తిరిగివచ్చు మన బిడ్డలకు, తూత్తుకుడి రేవునుండి సామాను ఇల్లు చేరుట ఓడప్రయాణముకంటె దీర్ఘము కావలెనా?

1962 నాటి కస్టమ్సు చట్టము కోరునది స్వల్పమే. 77వ సెక్షను ప్రకారము యజమాని తన సామానులోని వస్తువులను ప్రకటింపవలెను. 79వ సెక్షను ప్రకారము, అవి నియమితకాలము ప్రయాణికుని వాడుకలో నుండినవని అధికారి తృప్తి చెందినచో సుంకము లేకయే విడువవచ్చును. చిక్కంతయు ఆ తృప్తియందే యున్నది. అది ఎన్నినాళ్లలో కలుగవలెనో ఆ సెక్షను చెప్పదు. నేడొక రసీదు, రేపొక ధ్రువపత్రము అడిగినచో, నడుమ గిడ్డంగి అద్దె పెరుగును. వాడిన బిందెకు సుంకము లేదు; ఆలస్యమునకు మాత్రము తప్పదు!

దొంగరవాణాను అరికట్టవలదా యని కొందరడుగుదురు. అరికట్టవలసినదే. పెట్టె విప్పి చూచుట అధికారి హక్కు. కావలసిన పత్రములన్నియు ఒక్కమారే, వ్రాతమూలముగా అడుగుట ఆయన విధి. హక్కును చెలాయించి విధిని మరచుట పరిపాలన కాదు.

1964 అనంతరము బర్మానుండి తరలివచ్చిన తెలుగువారిలో పెక్కురు, అచటి ప్రభుత్వ నిర్బంధములచే ఆర్జనను విడిచి చేతిమూటలతో ఓడ దిగిరి. అది పరదేశము చేసిన పని. స్వదేశపు రేవులో, చెమటోడ్చి కొన్న వస్తువులకై యజమాని యాచకుడు కానేల?

మనవారియందును లోపము కలదు. ఏజెంటు చూపినచోటనెల్ల చదువక చేవ్రాలు చేయుదురు. ప్రకటన తప్పైనచో ముందుగా సమాధానము చెప్పవలసినవాడు యజమానియే. కావున ఓడకెక్కించుటకు ముందే పెట్టె పెట్టెకు జాబితా వ్రాయుడు; కొన్న రసీదులు దాచుడు; అధికారి కోరికను కాగితముపై అడిగి తీసికొనుడు. జాప్యమెవరిదో అప్పుడే తేలును.