తెరుచుకున్నంత మాత్రాన మంచి సీడీయేనా?



మనలో చాలామంది బీరువాల అడుగున 2000 – 2012 నడుమ రాసిపెట్టుకొన్న సీడీలు, డీవీడీలు ఇంకా ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి పుట వెంట పుటగా దింపుకొన్న పాత తెలుగు గ్రంథాలు, టేపులనుంచి ఎక్కించుకొన్న హరికథలు, అవధానాలు, ఇంటి శుభకార్యాల వీడియోలు, పిల్లల ఫోటోలు – ఇవన్నీ వాటిలో భద్రంగా ఉన్నాయని మన నమ్మకం. వాటిని పరీక్షించారా అని ఎవరినడిగినా ఒకే సమాధానం వస్తుంది. "మొన్ననే పెట్టి చూశామండీ, తెరుచుకుంది." తెరుచుకోవడం పరీక్ష కాదని నా అభిప్రాయం. పైగా అది మనలను ఏమరపాటులో ఉంచే పరీక్ష. ఎందుకో ఈ టపాలో మనవి చేస్తాను.

ముందుగా ఒక సంగతి తెలియాలి. ఏ సీడీ అయినా రాసిన మొదటి రోజునుంచే దోషాలతోనే ఉంటుంది. రంగుపూతలోని లోపం, ధూళి, గీత, రాసేటప్పటి లేజరు తొట్రుపాటు – వీటివల్ల అక్కడక్కడ అక్షరాలు తప్పుగా చదవబడతాయి. అయినా మనకు పాట సాఫీగా వినిపిస్తుంది. కారణం, సీడీలో ప్రతి 24 బైట్ల సమాచారానికి మరో 8 బైట్ల సాక్ష్యాన్ని జతచేసి 32గా రాస్తారు. ఆ సాక్ష్యంతో డ్రైవు తప్పును పసిగట్టి, దిద్ది, మనకు శుద్ధపాఠాన్ని అందిస్తుంది. ఈ గణితాన్ని 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాల్మన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు సీడీని విపణిలోకి తెచ్చినప్పుడు దానికి ఇదే ప్రాణం పోసింది.

తెలుగు పద్యం చదువుకొన్నవారికి ఇది కొత్త విద్య కాదు. ఉత్పలమాలను చూడండి. భ, ర, న, భ, భ, ర, వ గణాలతో పాదానికి ఇరవై అక్షరాలు. పదవ అక్షరం యతి. రెండవ అక్షరం ప్రాస. తాళపత్రంలో ఒక అక్షరం జారిపోతే గణం విరిగి, లోపం ఉన్నదని వెంటనే చెబుతుంది. ప్రాసస్థానంలో హల్లు చెరిగిపోతే తక్కిన మూడు పాదాలూ సాక్ష్యమిస్తాయి. యతిస్థానం చెడితే పాదంలోని మొదటి అక్షరం దారి చూపుతుంది. కవి అందం కోసం పెట్టిన నియమమే కాలాంతరంలో పాఠానికి రక్షణ అయింది. వేదపాఠంలోని పద, క్రమ, జటా, ఘనలు కూడా ఈ మార్గంలోనివే. చెప్పిన మాటనే క్రమం మార్చి మళ్ళీ మళ్ళీ చెప్పడంలోని ప్రయోజనం తప్పును దొరకబుచ్చుకోవడం. ఈ సాక్ష్యాలు లేని వచనం చెడిపోతే దిక్కులేదు.

అయితే ఛందస్సుకూ హద్దు ఉంది. గురువు స్థానంలో మరొక గురువే వచ్చి కూర్చుంటే గణానికి పట్టదు. ఆ గణితానికీ అంతే. అక్కడొక సొగసైన భేదం ఉంది. పురుగు తిన్న చోటు వేరు, లేఖకుడు తప్పు రాసిన చోటు వేరు. రంధ్రం కనబడుతుంది, అక్కడ అక్షరం లేదని తెలుసు. తప్పక్షరం మాత్రం ఒప్పు వేషంలో కూర్చుంటుంది. నాలుగు సాక్ష్యాక్షరాలు ఉంటే, చోటు తెలియని తప్పులు రెండింటిని మాత్రమే దిద్దవచ్చు, చోటు తెలిసిన ఖాళీలను నాలుగింటిని పూరించవచ్చు. సీడీలో ఈ పని రెండంచెలుగా జరుగుతుంది. మొదటి అంచె పేరు సీ1, రెండవది సీ2. తన వల్ల కాని చోటును సీ1 గుర్తుపెట్టి పంపుతుంది. ఆ గుర్తుల సాయంతో సీ2 పూరిస్తుంది. సీ2 వల్ల కూడా కాకపోతే, కంప్యూటరు సమాచారం రాసిన సీడీలో ఇంకొక దిద్దుబాటు పొర ఉంటుంది. పాటల సీడీకి అది లేదు. అక్కడ ప్లేయరు ముందువెనుకల స్వరాలను చూసి మధ్యలోది ఊహించి వాయిస్తుంది. గ్రంథపాతాన్ని సొంత కల్పనతో పూడ్చిన లేఖకుని వంటిది అది. విన్నవారికి తేడా తెలియదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శిథిలమైన తాటాకు ప్రతిని ఒక దిట్టమైన పండితుడు సభలో చదువుతున్నాడనుకోండి. గండిపడిన చోటల్లా తన ఛందోజ్ఞానంతో పూరించుకొంటూ, ఎక్కడా ఆగకుండా గానం చేస్తాడు. సభలోని వారు ప్రతి నిక్షేపంగా ఉందని అనుకొంటారు. మరో ఏడాదికి ఇంకొన్ని అక్షరాలు పోతాయి, ఆయన ఇంకొన్ని పూరిస్తాడు, సభకు అదీ తెలియదు. ఒకనాడు ఒకే చోట నాలుగైదు అక్షరాలు కలిసి పోతాయి. ఆ రోజు పండితుడు ఆగిపోతాడు. సభ "నిన్నటిదాకా బాగానే ఉంది కదా!" అని ఆశ్చర్యపోతుంది. మన డీవీడీల కథ అక్షరాలా ఇదే. క్షయం మెల్లగా జరుగుతుంది, పతనం మాత్రం ఒక్కసారిగా కనిపిస్తుంది. కాబట్టి "చదవగలరా?" అని కాక, "ఎన్నిచోట్ల మీరు పూరించి చదివారు?" అని పండితుని అడగాలి. డిస్కు నాణ్యతా పరీక్ష అంటే ఆ రెండవ ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు అంకెల్లో వస్తుంది. సీడీలో సెకనుకు 7350 చట్రాలు చదవబడతాయి. ప్రమాణం ప్రకారం పది సెకన్ల సగటున, సెకనుకు దోషమున్న చట్రాలు 220కి లోపు ఉండాలి, అనగా సుమారు మూడు శాతం. కొత్తగా రాసిన మంచి సీడీలో ఇది ఎంతో తక్కువగా ఉంటుంది. సీ2 అంకె మాత్రం సున్నాగానే ఉండాలి. డీవీడీలో దిద్దుబాటు పద్ధతి వేరు గనుక లెక్కా వేరు. అక్కడ పీఐ అనే దోషాలు వరుసగా ఎనిమిది దిమ్మెలకు కలిపి 280కి మించరాదు. ఈ లెక్కలు చూపడానికి నీరో డిస్క్‌స్పీడ్, కేప్రోబ్, లినక్సువారికి క్యూపీఎక్స్‌టూల్ వంటి సాధనాలు వచ్చాయి. అన్ని డ్రైవులూ ఈ లెక్క బయటపెట్టవు. లైట్-ఆన్, ప్లెక్స్‌టర్ వంటివారి పాత డ్రైవులలో కొన్ని చెబుతాయి. ఒక డ్రైవు చూపిన అంకెను మరొక డ్రైవు అంకెతో పోల్చడం తగదు, చదివేవారి చూపును బట్టి దోషాల సంఖ్య మారుతుంది. ఒకే డ్రైవుతో, ఒకే వేగంతో, ఏటేటా చూసి, అంకె పెరుగుతున్నదా అని గమనించడమే విజ్ఞత.

లెక్క చెప్పే డ్రైవు దొరకనివారు నిరాశపడనక్కరలేదు. డిస్కును మొదటినుంచి చివరిదాకా చదివించి వేగాన్ని గమనించండి. ఎక్కడైనా వేగం పదేపదే కుంగితే అక్కడ డ్రైవు తడుముకొంటున్నదన్నమాట. రాత లోపలి అంచునుంచి బయటకు సాగుతుంది కాబట్టి, నిండా రాసిన డిస్కులో తరచుగా బయటి అంచే ముందు బలహీనపడుతుంది. మొదటి రెండు పాటలు విని ఊరుకొంటే చాలదని అందుకే అంటున్నాను. ఇక, చెక్‌సమ్ సరిచూసుకొంటే అసలుకూ నకలుకూ నేడు తేడా లేదని తేలుతుంది. అది అవసరమే. కాని రేపటి సంగతి అది చెప్పదు. చెక్‌సమ్ మూలంతో ప్రతిని సరిచూడడం వంటిది, దోషాల లెక్క తాటాకు ఎంత పెళుసెక్కిందో వంచి చూడడం వంటిది. రెండూ కావాలి.

సీడీని భద్రపరిచే విషయంలోనూ ఒక అపోహ ఉంది. అడుగువైపు గీత పడితేనే ప్రమాదమని అనుకొంటాం. నిజానికి అడుగున 1.2 మిల్లీమీటర్ల మందమైన ప్లాస్టిక్కు కవచముంది. సమాచారమున్న పొర పైన పేరు రాసే వైపున, పలుచని లక్కపూత కిందనే ఉంటుంది. బాల్ పెన్నుతో గట్టిగా పేరు రాయడం, కాగితపు చీటీ అంటించి తరువాత పీకడం సీడీకి మృత్యుసమానం. డీవీడీలో ఆ పొర రెండు పలకల నడుమ ఉండడంవల్ల కొంత నయం. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మా చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతంలో, రేకుల గదిలో అటక మీద పెట్టిన డిస్కుకు ఆయుష్షు తరగడం సహజం.

"ఈ కాలంలో ఇంకా సీడీలేమిటి?" అని ఆక్షేపించేవారున్నారు. నేను సీడీలను మోసే పక్షం కాదు. ఆక్షేపణలోని సత్యమే నా వాదానికి బలం. సీడీ-ఆర్ పుట్టుకలో పాలుపంచుకొన్న జపాను సంస్థ తైయో యూడెన్ 2015తో ఈ రంగం నుంచి తప్పుకొంది. మనకు చవకగా ఖాళీ డిస్కులనూ సినిమా డిస్కులనూ అందించిన మోజర్ బేర్ 2018లో దివాలా ప్రక్రియలో మూతకు వెళ్ళింది. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకొనే బ్లూ-రే డిస్కుల తయారీని నిలిపివేసింది. ఈనాటి ల్యాప్‌టాపులలో డ్రైవు రావడం అరుదు. కనుక పరీక్ష సీడీని శాశ్వతంగా ఉంచుకోవడానికి కాదు. దేనిని ముందు ఎత్తి రాసుకోవాలో తెలుసుకోవడానికి.

ఇక్కడ మన పూర్వుల అనుభవం గుర్తుచేసుకోవాలి. పోతన భాగవతంలో కొంత భాగం శిథిలమైపోయిందని సంప్రదాయం చెబుతుంది. పంచమస్కంధాన్ని బొప్పరాజు గంగన, షష్ఠాన్ని ఏర్చూరి సింగన, చివరి రెండింటిని వెలిగందల నారయ పూరించారు. వారు సమర్థులే. అయినా అవి పోతన పద్యాలు కావు. దిద్దుబాటుకు అందనంత గండి పడిన తరువాత మిగిలేది పునఃసృష్టి మాత్రమే. పంతొమ్మిదవ శతాబ్దంలో బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించగలిగాడంటే, అప్పటికింకా పోల్చదగిన ప్రతులు మిగిలి ఉండడమే కారణం. ఒకే ప్రతి ఉన్నచోట ఎంతటి పరిష్కర్తకైనా చేతులు కట్టేసినట్లే.

ఈ దృష్టితో మన డిస్కులను రెండు కుప్పలుగా వేయండి. డిజిటల్ లైబ్రరీ జాలస్థలి మూతపడినా అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. సినిమాపాటలకు లోటు లేదు. అవి రెండవ కుప్ప. మొదటి కుప్పలో వేరే ప్రతి లేనివి ఉంటాయి. మా దొంతన్‌పల్లి వంటి ఊళ్ళలో ఎవరో ఒకరు సెల్‌ఫోను రాకముందు పట్టిన బతుకమ్మ పాటలు, ఒగ్గుకథలు, బడి వార్షికోత్సవ నాటకాలు, శంకర్‌పల్లి స్టూడియోవారు పెళ్ళికి తీసి ఒక్క డీవీడీగా ఇచ్చిన వీడియోలు ఇందులోకి వస్తాయి. ఆ వీడియోలో పందిట్లో కూర్చుని పాడిన ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమె పాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గండిని పూడ్చడానికి ఏ గంగనా రాడు.

అంకెల మోజులో పడి రెండవ కుప్పకు రేఖాచిత్రాలు గీసుకొంటూ కాలం గడపవద్దని కూడా మనవి. మొదటి కుప్పను ముందు పరీక్షించండి. సీ2 సున్నా దాటినా, పీఐ హద్దుకు చేరువైనా, చదివే వేగం కుంగినా, ఆ రోజే హార్డుడిస్కులోకి ఎత్తండి. చెక్‌సమ్ రాసిపెట్టండి. ఆ ప్రతిని మరో ఊళ్ళో, మరొకరి ఇంట్లో కూడా ఉంచండి. పొరుగువారింటి డిస్కు ఏదైనా ఉంటే, డ్రైవున్న మీరే చొరవ తీసుకొని అడగండి. వారికి ఈ లెక్కలు తెలియవు. "తెరుచుకుంది కదా" అనే ధైర్యంతో ఉంటారు.

దిద్దుకోగలిగినంత కాలమే ఎత్తి రాసుకోగలం. మీ దగ్గర పాత డ్రైవులున్నా, ఇటువంటి పరీక్షలలో అనుభవమున్నా వ్యాఖ్యలలో తెలియజేయగలరు. పదిమందికి ఉపకరిస్తుంది.